ప్రహరీ, పిట్టగోడ, గది గోడ: పగుళ్లు రాకుండా ఎక్కడ ఏ జాయింటు వదలాలి

పెద్దపల్లిలో మా బాపు ఇల్లు కట్టుకున్న మరుసటి ఏడాది, రోడ్డు వైపు ప్రహరీ మూడు చోట్ల నిలువునా పగిలింది. గోడ పొడవు 24 మీటర్లు, ఎత్తు ఆరడుగులు. నాలుగున్నర అంగుళాల ఫ్లైయాష్ ఇటుక కట్టుబడి, పదడుగులకో కాంక్రీటు పిల్లరు. మూడో పిల్లరు పక్కన ఒక పగులు, ఐదోదాని పక్కన ఒకటి, ఎనిమిదోదాని పక్కన ఇంకొకటి. ఐదో పిల్లరు దగ్గరి పగుల్లో నా ఏటీఎం కార్డు అంచు సులువుగా దూరింది. కట్టిన మేస్త్రిని పిలిస్తే, "గోడన్నంక పగుళ్లు రాకుంట ఉంటయా సారూ, పుట్టీ కొడితే పోతది" అన్నాడు. పుట్టీ కొట్టించాం, రంగు వేయించాం. చలికాలం వచ్చేసరికి అదే చోట అదే గీత మళ్లీ తేలింది.

అప్పటికి నేను సైటు పనిలో కొత్త. ఆ తర్వాత చాలా ఇళ్ల పనులు దగ్గరుండి చూశాక తెలిసింది, తప్పు ఇటుకదీ కాదు, సిమెంటుదీ కాదని. అంత పొడవు గోడకు కదలడానికి మేం చోటివ్వలేదు. అది కదిలి తీరాలి కాబట్టి తనకు నచ్చిన చోట తనే విడిపోయింది. ఇల్లు కట్టబోయేవాళ్లు గోడ కదలకుండా ఆపే మార్గం కోసం వెతకొద్దు, అలాంటిది లేదు. ఎక్కడ విడిపోవాలో ముందే మనం నిర్ణయించి, ఆ చోటును నీటుగా, నీళ్లు దిగకుండా తయారుచేసి పెట్టడం ఒక్కటే మన చేతిలో ఉంది. ఆ చోటునే జాయింటు అంటాం. దానికి నాలుగైదు దారులున్నాయి. ప్రహరీకి పనికొచ్చేది గది గోడకు పనికిరాదు. అందుకే ఏ గోడకు ఏది మంచిదో విడివిడిగా రాస్తున్నాను.

ముందు పగులు ఏ రకమో చూడండి

జాయింటు అన్ని పగుళ్లకూ మందు కాదు. ఇక్కడ పొరపడితే పెట్టిన డబ్బంతా వృథా.

పొడవాటి గోడలో పైనుంచి కిందికి నిలువుగా, దాదాపు ఒకే వెడల్పుతో వచ్చే పగులు ఎండకో, ఆరడానికో వచ్చింది. దీనికి జాయింటు పనిచేస్తుంది. మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోతూ ఒక చివర సన్నగా, ఇంకో చివర వెడల్పుగా ఉంటే మాత్రం పునాది కుంగుతోందనో, నేల ఉబ్బుతోందనో అనుమానించాలి. నల్లరేగడిలో కట్టిన ఇళ్లలో ఇది మామూలు. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే ఆ నేల గోడను కింది నుంచే ఎత్తి దించుతుంటుంది. పైన మీరు ఎన్ని జాయింట్లు కోసినా ఆ కదలిక ఆగదు. అక్కడ ఖర్చు పునాది మీద పెట్టాలి, ఇంజనీరును పిలవాలి. ఇక ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా అల్లుకున్న సన్న గీతలు ప్లాస్టరింగ్‌వే. ఇసుకలో మట్టి ఎక్కువైనా, నీళ్లు సరిగ్గా పట్టకపోయినా అవి వస్తాయి. లోపలి ఇటుక బాగానే ఉంటుంది.

తేల్చుకోలేకపోతే పగులుకు అటూ ఇటూ పెన్సిల్‌తో రెండు చుక్కలు పెట్టి, మధ్య దూరం కొలిచి, గోడ మీదే తేదీతో రాసిపెట్టండి. మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి మళ్లీ కొలవండి. దూరం పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది వాతావరణం. పెరగడమే తప్ప తగ్గడం లేకపోతే పునాది వైపు చూడండి. కొత్త గోడైతే ఆరడం వల్ల కూడా మొదటి ఏడాది పెరుగుతుంది, అది గుర్తుంచుకోండి.

ఎర్ర ఇటుక పెరుగుతుంది, సిమెంటు ఇటుక తగ్గుతుంది

చాలామందికి తెలియని సంగతి ఇది. బట్టీలో కాలిన ఎర్ర ఇటుకలో తేమ అన్నదే ఉండదు. బయటికి వచ్చిన రోజు నుంచి గాలిలోని తేమను పీల్చుకుంటూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. అలా పెరిగింది మళ్లీ తగ్గదు. మొదటి రోజుల్లోనే ఎక్కువ పెరుగుతుంది కాబట్టి బట్టీ నుంచి వేడివేడిగా దించిన ఇటుకను అదే వారం గోడలో పెట్టకండి. కనీసం రెండు వారాలు సైటులో పేర్చి ఉంచండి.

ఫ్లైయాష్ ఇటుక, సిమెంటు బ్లాకు, లైట్ వెయిట్ బ్లాకులనే ఏఏసీ బ్లాకులు దీనికి పూర్తిగా ఎదురు. తయారైనప్పుడు తడిగా ఉంటాయి, ఆరేకొద్దీ ముడుచుకుంటాయి. ఏఏసీ బ్లాకుల మీద ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 మూడో భాగం మొదటి గ్రేడు బ్లాకు ఆరినప్పుడు 0.05 శాతం దాకా ముడుచుకోవచ్చని అనుమతిస్తుంది. వినడానికి చిన్న అంకె. పది మీటర్ల గోడకు లెక్క కడితే 5 మిల్లీమీటర్లు! నేరుగా యార్డు నుంచి పచ్చిగా వచ్చిన ఫ్లైయాష్ ఇటుకతో గోడ కడితే, ఆ ముడుచుకోవడమంతా గోడలోనే జరుగుతుంది. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం లాంటి థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఈ ఇటుక చవగ్గా దొరుకుతుంది, మంచిది కూడా. కాకపోతే తయారై 28 రోజులు దాటిందా అని అడిగి కొనండి. మా బాపు ఇంటికి లోడు దించిన రోజు ఇటుకలు చేతికి చల్లగా, తడిగా తగిలిన గుర్తు నాకు ఇప్పటికీ ఉంది. అప్పుడు అడగాలని తెలియలేదు.

వీటన్నిటి మీదా ఎండ ఒకటి. ఎర్ర ఇటుక గోడ డిగ్రీకి పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 6 వంతులు పెరుగుతుంది. కాంక్రీటు దాదాపు 10 వంతులు. చలికాలం తెల్లవారుజాముకు, మే నెల మూడు గంటల ఎండకు గోడ వేడిలో 40 డిగ్రీల తేడా ఉందనుకుంటే, 24 మీటర్ల ఎర్ర ఇటుక గోడ దాదాపు 6 మిల్లీమీటర్లు పెరిగి తగ్గాలి. అంతే పొడవు కాంక్రీటైతే 10 మిల్లీమీటర్లకు దగ్గరగా. రెండూ ఒకే గోడలో అంటుకుని ఉంటే ఆ తేడా ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. పిల్లరు పక్కనే పగులు రావడానికి కారణం ఇదే.

కాబట్టి ఎర్ర ఇటుకకు నొక్కుకోగలిగే ఖాళీ కావాలి. సిమెంటు ఇటుకకు, బ్లాకుకు విడిపోవడానికి ఒక గీత కావాలి. మొదటిదానిలో మెత్తటి పదార్థం తప్పనిసరి. రెండోదానిలో గీత తిన్నగా ఉండి, పైన సీలెంట్ (రబ్బరులా సాగే పూడిక) సాగగలిగితే చాలు.

మాలు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "సిమెంటు ఎక్కువ వేయించాం, ఒకటికి మూడు" అని గర్వంగా చెప్పే ఇంటాయన ప్రతి ఊళ్లో ఉంటాడు. అంటే ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక. అంత గట్టి మాలు ఏ మాత్రం సర్దుకోదు. కదలిక వచ్చినప్పుడు ఇటుకనే చీల్చుకుంటూ పగులు పోతుంది. మామూలు తొమ్మిదంగుళాల గోడకు ఒకటికి ఆరు సరిపోతుంది, నాలుగున్నర అంగుళాల గోడకు ఒకటికి నాలుగు. "మా తాత కట్టిన మండువా లోగిలికి ఏ జాయింట్లు వదిలారు?" అని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇందులోనే ఉంది. అవి గానుగ సున్నంతో కట్టిన లావాటి గోడలు. సున్నం మాలు నెమ్మదిగా గట్టిపడుతూ ప్రతి వరసలోనూ కాస్త కాస్త సర్దుకుంటుంది. సిమెంటు గోడ నుంచి ఆ ఓర్పు ఆశించలేం.

ప్రహరీకి, పిట్టగోడకు: పూర్తి జాయింటే

ఎండా వానా రెండు వైపులా తగిలే గోడలు ఈ రెండే. పైన బరువు లేదు, పక్కన ఆసరా లేదు. ఇక్కడ మూడు దారులుంటాయి. జాయింటు లేకుండా కట్టి పగిలినప్పుడల్లా పూయించడం, ఇటుక వరసల మధ్య సన్న కమ్మీలు వేయించడం, గోడను నిలువునా విడగొట్టి పూర్తి జాయింటు వదలడం.

జాయింటు లేకుండా కట్టడం ఆరు మీటర్ల లోపు గోడకైతే ఫరవాలేదు. అంతకు మించితే నేను ఒప్పుకోను. కమ్మీల పద్ధతి కొంత మేలు. నాలుగైదు వరసలకోసారి 6 మిల్లీమీటర్ల కమ్మీలు రెండు వేస్తే ఒక పెద్ద పగులు బదులు వెంట్రుకంత పగుళ్లు చాలా వస్తాయి, రంగు కింద కనిపించవు. కానీ కమ్మీ తుప్పు పడితే తనే గోడను ఉబ్బించి పగలగొడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ప్రహరీకి నేను దీన్ని వద్దంటాను.

పూర్తి జాయింటే నా ఎంపిక. ఎంత దూరానికి అంటే, బ్రిటన్ పద్ధతి ప్రకారం ఇంటి ఎర్ర ఇటుక గోడకు 12 మీటర్లకు ఒకటి, విడిగా నిలబడ్డ గోడకు, పిట్టగోడకు అందులో సగం. వెడల్పుకు వాళ్ల లెక్క తేలిగ్గా గుర్తుంటుంది: జాయింట్ల మధ్య ఎన్ని మీటర్లో అన్ని మిల్లీమీటర్లు, దాని మీద ఇంకో 30 శాతం. 12 మీటర్లకు సుమారు 16 మిల్లీమీటర్లు. మన ఎండలకు ప్రహరీకైనా, పిట్టగోడకైనా ఆరు మీటర్లకు ఒకటి, 12 మిల్లీమీటర్ల వెడల్పు అని పెట్టుకుంటే నిశ్చింత. పదడుగులకో పిల్లరు ఉంటే ప్రతి రెండో పిల్లరు పక్కన అన్నమాట. మూల మలుపు దగ్గర మాత్రం మూడు మీటర్లలోపే ఒకటి ఉండాలి, రెండు గోడలూ మూలను చెరో వైపు నెడతాయి కాబట్టి. గేటు పిల్లరును గేటు బరువుకు వదిలేయండి. జాయింటును తర్వాతి పిల్లరు దగ్గరికి జరపండి.

జాయింటు వదలమంటే మేస్త్రి వదులుతాడు. అది పనిచేసేలా చేయించడమే కష్టం. నేను చూసినంతలో ఎక్కువ జాయింట్లు మూడు తప్పులతో చచ్చిపోతాయి.

మొదటిది, కట్టేటప్పుడు సందులో మాలు పడటం. గోడ రెండు చివరలు కట్టి మధ్యలో ఖాళీ వదిలితే, తాపీ నుంచి రాలిన మాలు ఆ సందులో కూర్చుని గట్టిపడుతుంది. చూడ్డానికి ఖాళీగా ఉన్నా లోపల గోడ గోడకు అంటుకునే ఉంటుంది. అందుకే ఫోమ్ షీటును ముందే నిలబెట్టి, దానికి ఆనించి ఇటుక కట్టించండి. రెండోది, ప్లాస్టరింగ్. ఇటుకలో జాయింటు బ్రహ్మాండంగా వదిలి, దాని మీదుగా ప్లాస్టరింగ్ లాగేస్తారు. ఆరు నెలల్లో అదే గీత మీద ప్లాస్టరింగ్ పగులుతుంది, "జాయింటు పెట్టినా పగిలింది" అని పేరు. మూడోది పైన పోసే కాంక్రీటు కోపింగ్. గోడ విడిపోయి, పైన కోపింగ్ ఒకటే ముక్కగా ఉంటే ఎండకు అదే సాగి కింది ఇటుకను చీలుస్తుంది. ఇటుక, ప్లాస్టరింగ్, కోపింగ్ మూడూ ఒకే నిట్టనిలువు గీతలో తెగి ఉండాలి. కింద మాత్రం ప్లింత్ బీమ్ దగ్గర, అంటే గోడ అడుగున పునాది మీద పోసే కాంక్రీటు బీమ్ దగ్గర, ఆగితే చాలు. నేలలోపల వేడి అంతగా మారదు, పునాదిని కోయనక్కరలేదు.

విడిపోయిన గోడ ఒకటి రోడ్డు వైపు, ఇంకొకటి ఇంటి వైపు వాలకుండా కట్టు కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీని సుమారు అడుగున్నరకు ఒకటి చొప్పున జాయింటుకు అడ్డంగా మాలులో పెట్టిస్తారు. ఒక చివర గట్టిగా అతుక్కుంటుంది, రెండో చివరకు ప్లాస్టిక్ తొడుగు వేస్తారు. తొడుగులో అది ముందుకూ వెనక్కూ జారుతుంది, పక్కకు మాత్రం జరగదు. దొరకకపోతే 8 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ కమ్మీ, ఒక చివరకు పీవీసీ గొట్టం ముక్క తొడిగి వాడొచ్చు. గొట్టం చివర మూసి, లోపల కాస్త ఖాళీ ఉంచడం మరిచిపోవద్దు. స్థలం ఉంటే ఇంకో మంచి పద్ధతి ఉంది. జాయింటు దగ్గర రెండు పిల్లర్లు పక్కపక్కనే పెట్టడం. ఏ గోడకు ఆ గోడ తన పిల్లరుకే ఆనుకుంటుంది, పట్టీల గొడవే ఉండదు. ఖర్చు ఎక్కువ, కానీ ఎనిమిదడుగుల ప్రహరీకి నేను ఇదే చెబుతాను.

గది గోడలకు: జాలీనా, గాడినా?

ఇంటి లోపలికి వస్తే లెక్క మారుతుంది. "మా ఇల్లు 40 అడుగులు, ఎక్స్‌పాన్షన్ జాయింటు పెట్టాలా?" అని చాలామంది టెన్షన్ పడతారు. కాంక్రీటు ఫ్రేముకు, అంటే పిల్లర్లు, బీమ్‌లు, స్లాబు కలిసిన చట్రానికి, జాయింటు గురించి కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 మాట్లాడేది భవనం పొడవు 45 మీటర్లు దాటినప్పుడు. మామూలు ఇంటి ఫ్రేమును రెండుగా చేయాల్సిన పనే లేదు. పిల్లర్ల మధ్య మూడు నాలుగు మీటర్ల ఇటుక గోడ కూడా నిలువునా కోయనక్కరలేదు. మనం చూసుకోవాల్సింది గోడ పిల్లరును తాకే గీత, బీమ్‌ను తాకే గీత, ఈ రెండే.

పిల్లరు పక్క గీతకు రెండు మందులు. ఒకటి జాలీ: ప్లాస్టరింగ్‌కు ముందు పిల్లరు మీద నాలుగైదు అంగుళాలు, ఇటుక మీద నాలుగైదు అంగుళాలు పడేలా చికెన్ మెష్ గానీ ఫైబర్ మెష్ గానీ కొట్టడం. రెండోది గాడి: ఆ గీత వెంబడి ప్లాస్టరింగ్‌ను 10 మిల్లీమీటర్ల వెడల్పున తెంచి, రంగు వేయగలిగే సీలెంట్ నింపడం. జాలీ చిన్న కదలికను నలుదిక్కులా పంచి, పగులు కనబడకుండా చేస్తుంది. గాడి అయితే కదలికను ఒప్పుకుని దానికి దారి ఇస్తుంది.

ఇంటి లోపల, ఎండ పడని చోట, ఎర్ర ఇటుక గోడకు జాలీ చాలు. గాడి గది అందం చెడగొడుతుంది, దాని అవసరమూ రాదు. పడమటి వైపు బయటి గోడకు, అందులోనూ ఏఏసీ బ్లాకు గోడకు, గాడి మంచిది. అక్కడ కదలిక జాలీ ఆపగలిగిన దానికంటే ఎక్కువ. రెండూ మంచివే కదా అని ఒకే గీత మీద రెండూ చేయించొద్దు. గాడి కింద నుంచి జాలీ దాటిపోతే ఆ గాడి కదలలేదు, పక్కన ఇంకో పగులు పుడుతుంది. జాలీ వేసేటప్పుడు కూడా గోడకు అతికించినట్టు మేకులతో లాగి కొట్టాలి. వదులుగా వేలాడే జాలీ మీద వేసిన ప్లాస్టరింగ్ వెనక డొల్ల పడుతుంది. వేలి కణుపుతో కొట్టి చూస్తే తెలిసిపోతుంది.

బీమ్ కింది గీత కథ వేరు. బీమ్ పైనుంచి బరువు పడేకొద్దీ కాస్త వంగుతుంది. కింద ఇటుకలు బిగించి ఉంటే బీమ్ వచ్చి వాటి మీద కూర్చుంటుంది, ఇటుక గోడ మోయకూడని బరువు మోస్తుంది. మేస్త్రులు తొందరలో అదే రోజు చివరి వరసను ఇటుక ముక్కలతో బిగగొట్టేస్తారు. ఆ వరసను కనీసం రెండు వారాలు ఖాళీగా వదిలేయమనండి. రెండు మూడు అంతస్తులుంటే పై అంతస్తు గోడలయ్యాక, పైనుంచి కిందికి వరసగా మూసుకుంటూ రావాలి. ఏఏసీ బ్లాకు గోడకైతే 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి మెత్తటి ఫోమ్ నింపించి, గోడ పైఅంచు ఊగకుండా అక్కడక్కడా బీమ్‌కు స్టీలు పట్టీ బిగిస్తే ఇంకా మేలు. ఇందులో అదనపు ఖర్చు పెద్దగా లేదు, ఓపిక పట్టాలి అంతే. ఏఏసీ బ్లాకులను ఎర్ర ఇటుకల్లా తొట్టిలో నానబెట్టనివ్వకండి. పైపైన నీళ్లు చిలకరిస్తే చాలు. పీల్చిన నీళ్లన్నీ ఆరేటప్పుడు గోడ ముడుచుకుని పగుళ్లు బయటికొస్తాయి.

పిల్లర్లు లేని ఇంట్లో, మేడ స్లాబు కింద

గోడల మీదే స్లాబు వేసిన పాత పద్ధతి ఇళ్లలో, పై అంతస్తు స్లాబుకు ఒకటి రెండు వరసల కింద బయటివైపు అడ్డంగా పగులు వస్తుంది. ఎండకు స్లాబు సాగుతుంది, గోడ అంత సాగదు. దీనికి స్లాబు పోయకముందే చేయాల్సిన పని ఒకటుంది. గోడ పైఅంచును నున్నగా ప్లాస్టరింగ్ చేసి, ఆరాక దాని మీద తారు కాగితమో, రెండు పొరల పాలిథిన్ షీటో పరిచి స్లాబు పోస్తారు. స్లాబు గోడ మీద జారుతుంది, గోడను లాక్కుపోదు. ప్లాస్టరింగ్‌లోనూ ఆ గీత వెంట గాడి వదలాలి. అయితే స్లాబుకు గోడకు పట్టు తగ్గించడం భూకంపాల కోణంలో చూడాల్సిన విషయం. ఇంజనీరు సరేననకుండా చేయించకండి.

కట్టేసిన ఇంటికి ఇది కుదరదు. అక్కడ మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించడం నేను మొదట చెప్పే మాట. స్లాబు వేడెక్కడం తగ్గితే సాగడమూ తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇంట్లో వేడి తగ్గించడానికే గానీ, గోడకూ అది మేలే చేస్తుంది.

పాత ఇంటికి కొత్త గది కలిపేటప్పుడు

పిల్లల పెళ్లిళ్లు దగ్గర పడ్డాయనో, అద్దెకు ఇద్దామనో ఇంటిపక్కన ఒక గది కలుపుతారు. పాత గోడలో వరస విడిచి వరస ఇటుక కొట్టేసి, కొత్త గోడను అందులోకి అల్లిస్తే గట్టిగా ఉంటుందని మేస్త్రులు అంటారు. నేను అలా చేయనివ్వను. పాత పునాది కుంగాల్సింది ఎప్పుడో కుంగింది. కొత్తది ఇప్పుడు మొదలుపెడుతుంది. అల్లిన ఇటుకలన్నీ ఆ లాగుడుకు ఒకటొకటిగా తెగుతాయి, మెట్లు మెట్లుగా పగులు వస్తుంది. రెండు గోడల మధ్య నిట్టనిలువుగా 20 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, రెండు ఫ్రేములనూ వేర్వేరుగా నిలబెట్టండి. ఇక్కడ మాత్రం ఖాళీ పునాది దాకా దిగాలి. బయట సీలెంట్, లోపల ఒక అంచు మాత్రమే స్క్రూ చేసిన అల్యూమినియం పట్టీ. మేడ మీద ఆ సందు కప్పడం అన్నిటికంటే ముఖ్యం, లేకపోతే మొదటి వానకే గది కారుతుంది.

సందులో ఏం నింపాలి

ఎర్ర ఇటుక జాయింటులో నొక్కితే సగానికి తగ్గి, వదిలితే మళ్లీ లేచే పాలిథిన్ ఫోమ్ షీటు వాడండి. కొనేముందు బొటనవేలితో నొక్కి చూడండి. తారు బోర్డు కాంక్రీటు రోడ్డుకు, స్లాబుకు బాగుంటుంది గానీ ఇటుక గోడకు చాలా గట్టి. థర్మోకోల్ చవక, అన్ని చోట్లా దొరుకుతుంది. కాకపోతే ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. ఫ్లైయాష్ గోడకైతే ఫరవాలేదు, అక్కడ సందు పెద్దదవుతుందే తప్ప నలగదు.

పై మూతకు సిమెంటు, వైట్ సిమెంటు, పుట్టీ ఈ మూడూ పనికిరావు. అవి గట్టిపడితే జాయింటు జాయింటే కాదు. యాక్రిలిక్ సీలెంట్ మీద రంగు బాగా పడుతుంది, కానీ తక్కువ సాగుతుంది, లోపలి గోడల గాడికి సరి. మామూలు సిలికాన్ బాగా సాగుతుంది, ఎండకు తట్టుకుంటుంది, దాని మీద రంగు మాత్రం నిలవదు. బాత్రూములో వాడిన ట్యూబు మిగిలిందని ప్రహరీకి కొడితే ప్రతిసారీ పెయింటరుతో తగాదా. బయటి గోడలకు పాలీయురేథేన్, అంటే షాపుల్లో పీయూ సీలెంట్ అనేది, నా మొదటి ఎంపిక. సాగుతుంది, రంగు పడుతుంది. సాధారణంగా జాయింటు వెడల్పులో 25 శాతం అటూ ఇటూ తట్టుకునే రకం దొరుకుతుంది. ఇప్పుడు 12 మిల్లీమీటర్లు ఎందుకన్నానో చూడండి. 12లో 25 శాతం 3 మిల్లీమీటర్లు. ఆరు మీటర్ల ఎర్ర ఇటుక గోడ 40 డిగ్రీల తేడాకు కదిలేది దాదాపు ఒకటిన్నర. అంటే తట్టుకోగలిగిన దాంట్లో సగమే వాడకం, సగం మిగులు. అదే 6 మిల్లీమీటర్ల సందు వదిలితే తట్టుకోగలిగింది సరిగ్గా ఒకటిన్నరే, మిగులు ఏమీ ఉండదు.

లెక్క కోసం: 12 వెడల్పు, 6 లోతు, ఆరడుగుల ఎత్తుకు ఒక వైపు సుమారు 130 మిల్లీలీటర్లు పడుతుంది, రెండు వైపులా 260. 600 మిల్లీలీటర్ల పొట్లం రెండు జాయింట్లకు సరిపోతుంది.

లోతు వెడల్పులో సగమే ఉండాలి. దీనికోసం సీలెంట్ వెనక బ్యాకర్ రాడ్ అనే గుండ్రటి ఫోమ్ తాడు నొక్కుతారు, సందు కంటే కాస్త లావుది. అది లోతును ఆపడమే కాదు, సీలెంట్ వెనక్కి అతుక్కోకుండా చేస్తుంది. సీలెంట్ అటూ ఇటూ రెండు అంచులకే అంటుకోవాలి. వెనక కూడా అంటుకుంటే సాగలేక మధ్యలో చిరుగుతుంది.

మా బాపు ఇంటి ప్రహరీకి చివరికి ఇదే చేశాం. పగిలిన మూడు చోట్లా పిల్లరు పక్కన పెద్ద గ్రైండరుతో రెండు వైపుల నుంచీ కోయించి, కోపింగ్ కూడా తెంపించాం. పిల్లరుకు స్టీలు పట్టీలు బిగించి, గోడ వైపు బోల్టు జరగడానికి పొడుగు రంధ్రం పెట్టించాం. ఐదో పిల్లరుకు, ఎనిమిదో పిల్లరుకు మధ్య తొమ్మిది మీటర్లుంది. అక్కడ ఇంకొకటి కోద్దామా అని ఆలోచించి మానేశాం. ఇటుక ఆరడం అప్పటికే చాలావరకు అయిపోయింది, మధ్యలో కొత్త పగులేదీ లేదు. వైరు బ్రష్షుతో అంచుల దుమ్ము దులిపి, రెండు పక్కలా మాస్కింగ్ టేపు వేసి, తాడు నొక్కి, ప్రైమరు పూసి, గన్నుతో సీలెంట్ నింపి, సబ్బునీళ్లలో ముంచిన గరిటెతో ఒక్క లాగుడులో నునుపు చేయాలి. పైపొర కట్టకముందే టేపు తీసేయాలి. ఎండ తగలని ఉదయం పూటే చేయించాం, గోడ వేడెక్కి సందు బిగుసుకున్న వేళ నింపితే చలికాలంలో సీలెంట్ మీద లాగుడంతా పడుతుంది.

రంగులు వేసే రోజు మాత్రం దగ్గరుండండి. పెయింటరు కంటికి ఆ గీత కూడా ఒక పగులే. పుట్టీ గరిటె అక్కడికి వెళ్లకముందే, ప్రతి జాయింటు పక్కనా సుద్దముక్కతో "ఇక్కడ పుట్టీ వద్దు" అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.